మొదటిసారి ఏమీ కాలేదు

రాణికి రక్తం ఎక్కించిన రోజు తీసిన వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. అప్పట్లో రీల్‌గా పెడితే లైకులు బాగానే వచ్చాయి. తర్వాత రీల్ తీసేశాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

2021 వానాకాలం. వర్క్ ఫ్రమ్ హోమ్‌తో పిచ్చెక్కి, ఆదివారాలు మొయినాబాద్ వైపు ఒక చిన్న రైడింగ్ క్లబ్‌కి వెళ్ళేవాణ్ణి. రాణి అక్కడి ఆడగుర్రం. మలక్‌పేటలో రేసులు పరిగెత్తి రిటైరైన థరోబ్రెడ్. కొత్తవాళ్ళని కింద పడెయ్యదు కాబట్టి నాకు ఎప్పుడూ దాన్నే ఇచ్చేవాళ్ళు. ఆ రోజు గాలివానకి షెడ్డు రేకు ఒకటి ఊడొచ్చి దాని ఛాతీ పక్కన లోతుగా కోసేసింది. మేం చూసేసరికి కింద గడ్డంతా ఎరుపు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మామూలుగా నిమిషానికి 40 సార్లు కొట్టుకునే గుండె 90 దాటింది.

డాక్టర్ గారు కుట్లు వేసి, "సెలైన్ ఒక్కటే సరిపోదు, రక్తం కావాలి" అన్నారు. గుర్రాలకి బ్లడ్ బ్యాంకు ఎక్కడుంటుంది? పక్క కొట్టంలో ఉన్న సుల్తానే బ్లడ్ బ్యాంకు. 500 కిలోల గుర్రంలో 40 లీటర్ల దాకా రక్తం ఉంటుంది. అందులో ఏడెనిమిది లీటర్లు తీసినా తట్టుకుంటుంది.

"సుల్తాన్‌ది ఏ గ్రూపు మేడమ్?" అని అడిగాను. ఆవిడ అంత టెన్షన్‌లోనూ నవ్వారు.

మనకైతే ఏ, బీ, ఓ, పాజిటివ్, నెగటివ్ అని ఆధార్ కార్డు నంబర్ కంటే తేలిగ్గా గుర్తుంటుంది. గుర్రాల్లో గుర్తించిన రక్తం గ్రూపు వ్యవస్థలే ఎనిమిది. వాటిలో 30కి పైగా గుర్తులు. అన్నిటినీ కలిపి లెక్కేస్తే దాదాపు నాలుగు లక్షల కాంబినేషన్లు. అందుకే మన ఓ నెగటివ్‌లాగా అందరికీ పనికొచ్చే దాత గుర్రం లేదు. ఏఏ, క్యూఏ అనే రెండు గుర్తులు లేని గుర్రమైతే మేలు, ఎందుకంటే ఒంట్లో గొడవ ఎక్కువగా లేపేవి ఆ రెండే. కాలిఫోర్నియాలో యూసీ డేవిస్ యూనివర్సిటీ ల్యాబ్ ఆ టెస్టులు చేస్తుందని తర్వాత గూగుల్ చేసి తెలుసుకున్నాను. ఆ వానలో, ఆ షెడ్డులో అవేం కుదిరే పనులు కావు.

మేడమ్ ఒక గాజుపలక మీద రాణి ప్లాస్మా చుక్కలో సుల్తాన్ రక్తం కలిపి చూశారు. గుర్రం ఎర్రకణాలు మామూలుగానే రూపాయి బిళ్ళల దొంతరలా అంటుకుంటాయట. నిజంగా పడక గడ్డ కడుతున్నాయా, లేక వాటి అలవాటు కొద్దీ అంటుకున్నాయా తెలియాలంటే కాస్త సెలైన్ కలిపి చూడాలి. దొంతరలైతే విడిపోతాయి. విడిపోయాయి. సుల్తాన్ మగది, ఎప్పుడూ వేరే రక్తం ఎక్కించుకోలేదు. అంతకంటే మంచి దాత దొరకదన్నారు.

మొదటి పావుగంట చుక్కలు చుక్కలుగా. ఒళ్ళు దద్దుర్లు తేలుతుందా, వణుకుతుందా, చెమట పడుతుందా అని అందరం గుడ్లప్పగించి చూశాం. ఏమీ కాలేదు. గుర్రాలకి మొదటిసారి రక్తం చాలావరకు గొడవ లేకుండానే ఎక్కుతుంది. ఇతర గుర్రాల రక్తం మీద గట్టి యాంటీబాడీలు వాటికి పుట్టుకతో పెద్దగా ఉండవు. మ్యాచ్ కాని కణాలైతే కొద్ది రోజుల్లో నాశనమైపోతాయి. కానీ ఆ ఎక్కించిన రక్తం వచ్చిందీ, పోయిందీ రెండూ శరీరం గుర్తుపెట్టుకుంటుంది. పాము కాటుకి మనకి ఇచ్చే మందు తయారయ్యేది గుర్రాలకున్న ఈ జ్ఞాపకశక్తితోనే. వాటికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, ఒంట్లో తయారైన యాంటీబాడీల్ని తీస్తారు.

బ్యాగు ఎత్తి పట్టుకుని సెల్ఫీ వీడియో తీసుకున్నది నేనే. వెళ్ళేముందు మేడమ్ నాతో అన్న మాట కూడా అందులో వినిపిస్తుంది: "దీనికి రక్తం ఎక్కించినట్టు ఎక్కడైనా రాసిపెట్టండి బాబూ."

నాతోనే ఎందుకన్నారంటే, ఆ క్లబ్ గుర్రాల రికార్డుల షీట్ తయారుచేసింది నేను. టీకాలకి ఒక కాలమ్, నులిపురుగుల మందుకి ఒకటి, లాడాలకి ఒకటి. కలర్ కోడింగ్, రిమైండర్లు, అన్నీ. తలూపాను. రక్తానికి కాలమ్ లేదు, తర్వాత పెడదాంలే అనుకున్నాను.

2023 ఫిబ్రవరిలో రాణి ఈనింది. మొదటి ఈత. పిల్ల గంటలోపే లేచి నిలబడి, తడబడుతూ పొదుగు వెతుక్కుని ముర్రుపాలు తాగింది. కడుపు నిండా తాగాలని సైసు అన్న దాని మూతి పట్టుకెళ్ళి మరీ తాగించాడు. మర్నాడు సాయంత్రానికి పిల్ల పడుకుంటే లేవట్లేదు. చిగుళ్ళు పసుపు రంగు. మూత్రం టీ డికాషన్‌లా ఉంది.

మేడమ్ వచ్చి పిల్లని చూసి, రాణిని చూసి అడిగారు: "దీనికి ఇంతకుముందు రక్తం ఎక్కించాం కదా?"

నాకు నోట మాట రాలేదు.

సుల్తాన్ రక్తంలోని ఏదో గుర్తు మీద రాణి ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంది. అదే గుర్తు పిల్లకి తండ్రి నుంచి వచ్చినట్టుంది. కడుపులో ఉన్నంతకాలం పిల్లకి ఏ ముప్పూ లేదు, ఎందుకంటే గుర్రాల్లో యాంటీబాడీలు మాయ దాటి పిల్లలోకి వెళ్ళవు. పిల్లకి కావాల్సిన రక్షణంతా ముర్రుపాలతోనే అందాలి. రాణి పాలల్లో అన్ని రక్షణలతో పాటు ఇదీ వచ్చింది. తాగిన ప్రతి గుక్కా పిల్ల ఎర్రకణాల్ని పగలగొట్టింది.

దానికీ రక్తమే ఎక్కించాలి, అది కూడా తల్లిదే. తల్లి యాంటీబాడీలు తల్లి కణాల్ని ఏమీ చెయ్యవు కదా. కాకపోతే ప్లాస్మాలో ఆ యాంటీబాడీలే ఉంటాయి కాబట్టి కణాల్ని కడగాలి. బ్యాగు వేలాడదీస్తే గుర్రం ఎర్రకణాలు వాటంతటవే త్వరగా అడుగుకి దిగుతాయి. పైన తేరిన పసుప్పచ్చ ప్లాస్మా తీసేసి సెలైన్ పోసి, మళ్ళీ దించి, మళ్ళీ పోసి, ఇలా మూడుసార్లు. రాత్రి పది నుంచి రెండింటి దాకా ఇదే పని. ఎక్కించాక పిల్ల కాసేపు తల ఎత్తింది. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది.

ఆ వారం ఫోన్‌లో అమ్మకి ఇదంతా చెప్తే, "అక్కకి ఏడో నెలలో వేసిన సూది ఇలాంటి దానికేగా?" అంది. నిజమే. అక్కది బీ నెగటివ్, బావది పాజిటివ్. ఏడో నెలలో ఒకటి, బాబు పుట్టాక మూడు రోజుల్లోపు ఇంకొకటి, యాంటీ డీ ఇంజెక్షన్. బిడ్డ రక్తాన్ని తల్లి శరీరం గుర్తుపెట్టుకోకుండా ఆపుతుంది. గుర్రాలకి అలాంటి సూది లేదు. వాటికున్నది జాగ్రత్త ఒక్కటే. నెలలు నిండే ముందు తల్లి రక్తాన్ని తండ్రి రక్తంతో పరీక్షించడం, పిల్ల పుట్టగానే ముర్రుపాలు తాగనివ్వకపోవడం. ఈ రెండింటికీ ముందు ఎవరో ఒకరికి ఆ సంగతి గుర్తుండాలి.

ఆ రాత్రే షీట్‌లో కాలమ్ పెట్టాను. రాణి వరసలో 2021 తేదీ, సుల్తాన్ పేరు టైప్ చేశాను. రీల్ డిలీట్ చేసింది కూడా అప్పుడే.

రాణి మళ్ళీ ఈనింది 2025 జనవరిలో. నేను నాలుగు రోజులు లీవు పెట్టుకుని వెళ్ళాను (మేనేజర్‌కి "ఫ్యామిలీ ఫంక్షన్" అని చెప్పాను, చదువుతుంటే సారీ సార్). చిన్న మూతిబుట్ట ముందే కొని మేకుకి తగిలించి ఉంది. పిల్ల లేచేలోపే సైసు అన్న దాని మూతికి కట్టేశాడు. వేరే గుర్రం ముర్రుపాలు ఐస్‌బాక్సులో తెచ్చి పెట్టుకున్నాం. గోరువెచ్చని నీళ్ళల్లో కరిగించి బాటిల్‌తో పట్టాం. రాణి పాలు మాత్రం రెండు గంటలకోసారి పిండి పారబొయ్యాలి. అన్నకి ఆ పనే నచ్చలేదు.

"ముర్రుపాలు పారబోస్తే పాపం తగుల్తది అన్నా. మా ఇంట్ల బర్రె ఈనితే చుట్టుపక్కల అందరికీ పంచుతం."

పారబోసే ముందు ప్రతిసారీ గోడ వైపు తిరిగేవాడు. పిల్ల మూతిబుట్టతోనే తల్లి పొదుగు కింద తలపెట్టి పొడిచేది. రాణి మెడ తిప్పి మా వైపు చూసి సకిలించేది. అలా రాత్రి, పగలు, మళ్ళీ రాత్రి. తొలి 24 గంటలు దాటాక పిల్ల పేగులు ఆ యాంటీబాడీల్ని రక్తంలోకి పీల్చుకోవు. అయినా మేడమ్ ఇంకో పన్నెండు గంటలు ఆగమన్నారు. ఆగాక రాణి పాలని సెలైన్‌తో పలచన చేసుకుంటూ, వరసగా ట్యూబుల్లో పోసి, పిల్ల రక్తం ఒక్కో చుక్క వేసి తిప్పి చూశారు. అడుగున గడ్డలు కట్టలేదు.

"ఇగ తాగొచ్చా మేడమ్?" అన్నాడు అన్న.

ఆవిడ తలూపారు. అన్న మూతిబుట్ట ముడి విప్పాడు. పిల్ల రెండుసార్లు తప్పిపోయి రాణి ముందుకాళ్ళ మధ్య వెతికింది. రాణి దాని వీపు వాసన చూసి, వెనక కాలు కొంచెం పక్కకి జరిపింది.