వానలు చూసుకొని వేసవి ప్రయాణం

వర్షం అల్లాహ్ కారుణ్యం. అది కురిసే కాలం చూసుకోకుండా బయలుదేరడం మా పొరపాటు. ఒక ఏడు జూన్ రెండవ వారంలో కేరళ వెళ్ళి నాలుగు రోజులూ బస గదిలోనే గడిపాము. సముద్రం చూడాలన్న అమ్మగారి కోరిక తీరనేలేదు. జూన్ 1 ప్రాంతంలో అక్కడ రుతుపవనాలు ప్రవేశిస్తాయని మాకు తెలియక కాదు!

ఈసారి ముందుగా పటం పరచుకొని కూర్చున్నాము. మలేషియా తూర్పు తీరంలో నవంబరు నుండి ఈశాన్య గాలులు కుంభవృష్టిని తెస్తాయి. పెర్హెంతియాన్, రెదాంగ్ దీవులకు పడవలు దాదాపు ఆగిపోతాయి. మే మాసానికి సముద్రం శాంతిస్తుంది. మన బడులకు సెలవులు కూడా అప్పుడే.

అక్కడి ట్రెంగాను రాష్ట్రపు మ్యూజియంలో హి.శ. 702 (క్రీ.శ. 1303) నాటిదని చెప్పే శిలాశాసనం ఉన్నది. భాష మలయ్, లిపి అరబీ. మా పిల్లలు అక్షరాలు కూడబలుక్కోగలరు గాని అర్థం తెలియదు.

అమ్మగారికి శాసనంతో పని లేదు. కువాలా ఇబాయ్ వద్ద, సముద్రానికి చేరువలో, నీటిపై తేలుతున్నట్లుండే తెల్లని మస్జిదులో రెండు రకాతుల నమాజు చేయాలన్నదే ఆమె ఆశ. ఆమె మోకాళ్ళు మరో ఏడాది ఆగేలా లేవు. బక్రీదు నాటికి ఇల్లు చేరాలన్నది ఆమె షరతు. మే మొదటి వారానికి టికెట్లు తీసుకున్నాము, ఇన్షా అల్లాహ్.