తదియ, తడి

మన తెలుగు క్లబ్ ఫామ్‌లో ‘ఎందుకు చేరాలనుకుంటున్నారు?’ అని ఒక కాలమ్ ఉంది కదా. నేను ‘భాష మీద ఇష్టంతో’ అని రాశాను. అది సగమే నిజం. మిగతా సగం ఈ దసరా సెలవుల్లో మా మల్బరీ తోటలో జరిగింది. క్లబ్‌లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. సెలవులకు వెళ్లాలంటే ధర్మవరంలో రైలెక్కుతాను. పెనుకొండ వస్తుంది, తర్వాత హిందూపురం. మా ఇంటి సంగతంతా ఆ మూడు స్టేషన్లలోనే ఉంది. హిందూపురం దగ్గర మా ఆకు. అది తిని పురుగులు కట్టిన గూళ్లు హిందూపురం మార్కెట్‌లో వేలానికి పోతాయి. గూళ్ల నుంచి తీసిన పట్టు ధర్మవరం మగ్గాల మీద చీరవుతుంది. మధ్యలో పెనుకొండ. 2019లో అక్కడ కియా కార్లు తయారవడం మొదలయ్యాక మా వైపు చాలామంది వ్యవసాయం వదిలి అటు వెళ్లారు. మా నాన్న కూడా అంతే. ఫ్యాక్టరీ షిఫ్టులకు మనుషుల్ని తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. తోట మాత్రం తాతదే.

తోట ఎకరం. మీది మడి, కింది మడి అని రెండు ముక్కలు. చెట్లు వి-1 రకం, మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది. మల్బరీని దాని మానాన వదిలేస్తే పెద్ద చెట్టయిపోతుంది. మేం కోస్తూ కోస్తూ పొదలాగా ఉంచుతాం. చిన్నప్పుడు నాకు ఆకుతో పనిలేదు, పండ్ల కోసమే వెళ్లేదాన్ని. ముందు పచ్చగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా అవుతాయి. తింటే నోరు, చేతులు, గౌను అన్నీ ఊదారంగే. ‘పండు నీకు, ఆకు పురుక్కి’ అనేవాడు తాత.

అనంతపురం వైపు అసలే వానలు తక్కువ. ఆ పడేది కూడా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. అందుకే దసరా రోజుల్లో తోట చూడముచ్చటగా ఉంటుంది. తాత మాత్రం ఆ రోజుల్లోనే ఎక్కువ కంగారు పడతాడు. తేమకి ఆకు మీద గోధుమరంగు మచ్చలొస్తాయి. చిగురాకుల్ని దారంతో చుట్టుకుని లోపల కూర్చుని తినే పురుగు ఈ నెలల్లోనే ఎక్కువ. పిండినల్లి పడితే కొనలు ముడుచుకుపోయి గిడసబారతాయి, దాన్ని తుక్రా అంటారు. రోజూ పొద్దున తాత సాళ్ల మధ్య నడుస్తూ, ముడుచుకున్న కొనల్ని తుంచి సబ్బునీళ్ల బక్కెట్లో వేసేవాడు. వాటిని పక్కన పారేస్తే పిండినల్లి మళ్లీ పాకి వస్తుందట.

ఇవన్నీ ఆయన ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో రాస్తాడు. తేదీలుండవు, అన్నీ తిథులే. గొలుసుకట్టు రాత. తలకట్టు ఎక్కడ మొదలైందో, ఏ అక్షరం మీద ఆగిందో ఆయనకే తెలియాలి.

ఈసారి నేను సప్తమి నాడు ఇంటికి చేరాను. అంతకు ముందురోజే తాత గట్టు మీద జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ఆయనతో ఆసుపత్రిలో ఉంది. నాన్న షిఫ్టుకీ ఆసుపత్రికీ మధ్య తిరుగుతున్నాడు. ఇంట్లో అవ్వ, నేను, షెడ్డు నిండా పురుగులు.

వంద గుడ్ల పురుగులు. వంద గుడ్లంటే వంద పురుగులనుకునేరు. ఒక చిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి ఒక గుడ్డు కింద లెక్క. అందులో 400కి పైనే ఉంటాయి. పురుగు నాలుగుసార్లు తోలు మారుస్తుంది. అలా మార్చేటప్పుడు మేత మానేసి తలెత్తి కదలకుండా ఉంటుంది కాబట్టి మా వైపు దాన్ని జ్వరం అంటారు. అష్టమి పొద్దున్న మూడో జ్వరం లేచాయి. లేచిన పురుగు ఆకలి మీద ఉంటుంది.

‘పాపా, ఏ మడిలో కోద్దాం? మీ తాత బుక్కులో రాసుంటాడు చూడు’ అంది అవ్వ.

అవ్వకు చదువు రాదు. నేనేమో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్, అదీ అచ్చు పుస్తకాల్లోది. చేతిరాత చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. చివరి పేజీ తీసి పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ‘కింది మడి… తడి… మందు.’

‘కింది మడి తడిపి మందేశారంట’ అన్నాను.

‘కొట్టే మందా, వేసే మందా?’

అవ్వ అడిగింది. ఈ మాట నేను దాచుకోవచ్చు గానీ దాచను. అవ్వ అడిగింది. మా ఊళ్లో యూరియా కూడా మందే, పురుగుమందు కూడా మందే. ఒకటి వేస్తారు, ఒకటి కొడతారు. కాగితం మీద ‘మందు’ అని మాత్రమే ఉంది. దానికింద ఇంకో లైను కూడా ఉంది. అప్పటికే కళ్లు అలిసిపోయి దాన్ని చదవలేదు. తడిపారు అంటే వెంటనే యూరియా వేసుంటారు అని నాకు నేనే లెక్క కట్టేసుకుని ‘వేసేదే అవ్వా’ అన్నాను. తాతకు ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఆ టైముకి ఆయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లారు.

కింది మడి షెడ్డు పక్కనే ఉంటుంది. ఎండెక్కకముందే రెండు మోపులు కొమ్మలు కోసుకొచ్చాం. షెడ్డులో ఎడమవైపు అరలన్నిటికీ అవే సరిపోయాయి. కుడివైపుకి మీది మడి నుంచి తెచ్చాం.

మధ్యాహ్నానికి ఎడమవైపు పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. నోట్లోంచి పచ్చటి నీళ్లు. ముట్టుకుంటే మెలికలు తిరుగుతున్నాయి. సాయంత్రానికి సగానికి సగం పొట్టిగా ముడుచుకుపోయాయి. మల్బరీ ఆకు నములుతుంటే షెడ్డులో సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ రాత్రి అది కుడివైపే వినిపించింది.

అవ్వ నన్నేమీ అనలేదు. చచ్చినవాటిని చేటతో ఎత్తి గుంతలో వేసి, సున్నం చల్లి పూడ్చింది. నేను పక్కన బక్కెట్ పట్టుకుని నిల్చున్నాను.

నాన్న రాత్రి వచ్చి నోట్‌బుక్ చూశాడు. ఆయనకు ఒక్క సెకను కూడా పట్టలేదు.

‘తడి కాదు, తదియ.’

కింది మడికి తదియ నాడు మందు. కింది లైను: పున్నమి తర్వాతే ఆకు.

ఇప్పుడు తాత లెక్క నాకు పూర్తిగా అర్థమవుతుంది. మొత్తం జీవితంలో పురుగు తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా నాలుగో జ్వరం తర్వాత చివరి వారంలోనే తింటుంది. మీది మడితో అప్పటిదాకా నెట్టుకొచ్చి, పున్నమికల్లా మందు ప్రభావం పోయిన కింది మడిని ఆ చివరి ఆకలికి వాడుకోవాలని ఆయన ప్లాన్. మేం క్లాసులో షెడ్యూలింగ్ ఆల్గారిథమ్స్ అని ఒక యూనిట్ మొత్తం చదివాం. ఆయన రెండు లైన్లలో రాసి పెట్టాడు. నేను ఒక లైను తప్పు చదివాను, ఒక లైను వదిలేశాను.

మూడు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. ఏం తిడతాడో అని గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

‘రా పాపా. ఎన్ని పోయినాయి?’

‘సగం, తాతా.’

కాసేపు కళ్లు మూసుకున్నాడు. ‘అనుమానం ఉంటే ముందు నాలుగు పురుగులకు ఏసి చూడల్ల. అవి బాగుంటేనే అన్నిటికీ ఎయ్యల్ల. నీకెవురు చెప్పినారులే.’ మళ్లీ ఆయనే, ‘పున్నమి కానీ. మిగిలిన పురుగులకు మీది మడి చాలు. కింది మడి మొత్తం కోసెయ్యండి’ అన్నాడు.

నాన్న అప్పుడు తన మాట చెప్పాడు. ‘కోసేది ఎందుకు, పీకేద్దాం. వక్క పెట్టుకుందాం. నీకు కాలు బాగయ్యేదెప్పుడు, ఈ పని చేసేదెవరు?’

తాత బదులు చెప్పలేదు. నా వైపు చూశాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. తోటలో ఇద్దరు ముగ్గురి చాకిరీ ఉంది. నేను నాలుగేళ్లయ్యాక బెంగళూరులోనో ఇంకెక్కడో ఉంటాను. ‘పీకొద్దు నాన్నా’ అనే హక్కు నాకుందా అనిపించింది. పైగా సగం పంట పోగొట్టింది నేనే.

పున్నమి వెళ్లిన మర్నాడు కాలేజీకి వెళ్లాల్సింది. రెండు రోజులు ఆగిపోయాను. అటెండెన్స్ పోయింది, పోనీ. నాన్న కూడా ఒకరోజు సెలవు పెట్టాడు. పీకడమా కోయడమా అన్న మాట మళ్లీ ఎత్తకుండానే కొడవలి పదును పెట్టుకున్నాడు.

కోత నాకు చూపించింది నాన్నే. నేలకు జానెడు ఎత్తులో, ఒకే వేటుకు తెగాలి. మొండి కొడవలైతే మోడు చీలిపోతుంది, బెరడు ఊడొస్తుంది, అక్కడ కుళ్లు పడుతుంది. ఎండిన కొమ్మల్ని మొదటికంటా తీసేయాలి. రాలిన మచ్చల ఆకులు, చుట్టుకున్న ఆకులు తోటలో మిగలకుండా ఊడ్చి కాల్చేయాలి. లేకపోతే వచ్చే చిగురుకు రోగం సిద్ధంగా ఉన్నట్టే. తర్వాత సాళ్ల మధ్య తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, మొదళ్లకు మట్టి ఎగదోయాలి. నీళ్ల తోటకు ఏడాదికి ఎకరాకు 8 టన్నుల ఎరువు వేయాలని పట్టు శాఖ వాళ్ల లెక్క. మేం అంత వేయలేదు. ఉన్న దిబ్బంతా వేశాం.

కోసిన కట్టెల్లోంచి పెన్సిలంత లావువి ఏరి, మూడు నాలుగు కళ్లు ఉండేట్టు ముక్కలు చేశాను. చెట్లు చచ్చిపోయిన చోట్ల నాటడానికి నారుమడిలో ఏటవాలుగా గుచ్చాం. సాయంత్రం చూస్తే కింది మడి మొత్తం మోళ్లు. అంత పచ్చటి తోటని ఇలా చేశామేంటి అని భయమేసింది.

‘బతుకుతాయా నాన్నా?’

‘కోయకపోతే ముదురుతాయి. ఆకు గట్టిపడిపోతే పురుగు తినదు’ అన్నాడు. అంతకంటే ఏం మాట్లాడలేదు.

మిగిలిన సగం పురుగులు గూళ్లు కట్టాయి. వాటి డబ్బులు ఆసుపత్రి బిల్లులో ఒక మూలకు సరిపోయాయి. నా ఈ సెమిస్టర్ ఫీజు అప్పు చేసి కట్టారు. అది ఎందుకు అప్పయిందో నాకు తెలుసు.

కాలేజీకి వచ్చిన వారమే క్లబ్‌లో చేరాను. నన్ను ‘ఫాంట్’ అని ఎగతాళి చేసే సీనియర్స్‌కి ఇప్పుడు తెలిసే ఉంటుంది, నేను మీ పాత చేతిరాత నోట్సులన్నీ ఎందుకు అడిగి తీసుకెళ్లేదాన్నో. గొలుసుకట్టు చదవడం ప్రాక్టీస్ చేశాను. తిథులు నేర్చుకున్నాను. పాడ్యమి, విదియ, తదియ. చాలా సులువు. మూడో తరగతి పిల్లలకు వచ్చే సంగతి.

కార్తీక పున్నమికి ఇంటికి వెళ్లాను. తాత వాకర్ పట్టుకుని షెడ్డు దాకా వస్తున్నాడు. కింది మడిలో ప్రతి మోడు చుట్టూ గుత్తులుగా చిగుళ్లు, మోకాలెత్తు. కొత్త కొమ్మల మొదట్లో, ఆకు పక్కనే చిన్న చిన్న కాయలు. చాలావరకు పచ్చివే, ఒకటి రెండు ఎర్రబడ్డాయి. తాత ఒకటి కోసి నా చేతిలో పెట్టాడు. పుల్లగా ఉంది. తినేశాను.

పీకేద్దామన్న మాట ఇంకా తేలలేదు. సంక్రాంతి తర్వాత చూద్దాం అంటున్నాడు నాన్న. కానీ ఆయనే ముందు వారం ఒక ట్రాక్టర్ ఎరువు తోలించాడట. అవ్వ చెప్పింది.

ఆ సాయంత్రం తాత నోట్‌బుక్ నాకిచ్చి ‘నువ్వే రాయి’ అన్నాడు. రాశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, ‘ఇదేంది, గోడమీద పేరు రాసినట్టు రాసినావు’ అని నవ్వాడు. నిజమే, నావి విడివిడి అక్షరాలు, పెద్దపెద్దవి. లైనుకి ఐదు మాటలు కూడా పట్టలేదు.

‘కార్తీక పున్నమి. కింది మడికి మందు కొట్టలేదు. ఆకు కోయవచ్చు, ఇంకో 15 రోజులు ఆగి.’