పూరీ తీరాన తెలుగు పడవ

పూరీకి సెలవులు గడపవచ్చినవారు పడవలో కొంతసేపు విహరించి, అలలలో మునకలు వేసి మరలిపోతారు. వారి చేయి పట్టి కెరటం దాటించే నోలియా తలపై కోసుగా ఉన్న టోపీ ధరిస్తాడు. అతని ఇంటి మాట తెలుగు, అంగడి మాట ఒడియా. ఆంధ్ర తీరం నుండి తరలిపోయిన జాలరుల సంతతి అతడు.

పెంఠకటా వాడలో తెల్లవారకముందే పడవలు కెరటాలకు ఎదురేగుతాయి. అవి మరలివచ్చాక స్త్రీలు చేపలు ఏరి అమ్మకానికి తీసుకుపోతారు. దుంగలు జోడించి కట్టిన తెప్పల స్థానంలో నేడు చాలావరకు మోటారు బిగించిన ఫైబరు పడవలు వచ్చాయి. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ సమీపంలోనే తీరం దాటినప్పుడు ఇసుకపై ఉన్న ఈ వాడ చెదిరిపోయింది. ఇళ్లు మళ్లీ లేచాయి. బడిలో ఒడియా చదివే పిల్లలకు మాత్రం తెలుగు లిపి దూరమవుతున్నది. తల్లి పిలుపులోనూ, వల లాగేవారి కేకలోనూ ఆ భాష ఇంకా నిలిచి ఉన్నది.