మిల్వాకీ మంచులో మా చిమ్నీ... నాన్న అడిగిన సున్నం లెక్క

ఇల్లు కొన్నాక మొదటి చలికాలం. రాత్రంతా మంచు కురిసి, పొద్దున్నే ఎండ కాసింది. వీధిలోకి వెళ్లి ఇంటికి ఓ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. తెల్లటి కప్పు, దాని మీద ఇటుకల చిమ్నీ, వెనకాల నీలం ఆకాశం. అచ్చం గ్రీటింగ్ కార్డే. హార్టులు, 'సూపర్ బావా'లు వరసగా వచ్చిపడ్డాయి. నాన్న మాత్రం జూమ్ చేసి చూసినట్టున్నాడు. వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఒరేయ్, ఆ పొగగొట్టం ఇటుకలు పొరలు లేస్తున్నాయి. చూసుకున్నావా?"

నాన్న తాపీ మేస్త్రి. మాది పల్నాడులో పిడుగురాళ్ల పక్క పల్లె. సున్నపు బట్టీలకి పేరున్న చోటు అది. నేనేమో సివిల్ ఇంజనీరింగ్ చదివి, మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి దూకేశా. ఇప్పుడు ఉండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ. నాన్న మెసేజ్‌కి ఓ థంబ్సప్ కొట్టి ఊరుకున్నా. నేను చేసిన మొదటి తప్పు అది.

మీగడ రంగు ఇటుకల ఊరు

షికాగో నుంచి ఉత్తరంగా కారులో గంటన్నర వెళ్తే మిల్వాకీ. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. పేరుకే సరస్సు, అవతలి ఒడ్డు కనపడదు. ఈ ఊరికి 'క్రీమ్ సిటీ' అని ముద్దుపేరు ఉంది. విస్కాన్సిన్ పాడికి ఫేమస్ కాబట్టి పాల మీగడ వల్ల వచ్చిందేమో అనుకున్నా. తీరా చూస్తే ఇటుకల వల్ల వచ్చిందట. ఇక్కడి మెనామనీ నది లోయ మట్టిలో సున్నం, మెగ్నీషియం ఎక్కువ. అందుకే బట్టీలో కాలిస్తే మన ఇటుకలా ఎర్రబడదు, మీగడ రంగులోకి తిరుగుతుంది. 1800ల్లో ఊళ్లో గోదాములు, చర్చిలు, బీరు ఫ్యాక్టరీలు ఎన్నో వీటితోనే కట్టారు. డౌన్‌టౌన్ దగ్గర థర్డ్ వార్డ్ అనే పేటలో నడిచినా, పాత పాబ్స్ట్ బ్రూవరీ భవనాల దగ్గర నిలబడినా ఆ రంగు కనిపిస్తుంది. కొన్ని భవనాలు మాత్రం మసిబారి నల్లగా ఉంటాయి. ఈ ఇటుకకి సన్నటి రంధ్రాలు ఎక్కువ. పొగనైనా నీళ్లనైనా పీల్చేసుకుంటుంది.

మేముండే పేట బే వ్యూ. ఒకప్పుడు ఇనుప మిల్లు చుట్టూ కార్మికుల ఇళ్లతో పెరిగింది. ఇప్పుడు కాఫీ షాపులు, మాలాంటి కొత్త జంటలు. మాది వందేళ్లు దాటిన చెక్క ఇల్లు. ఇంట్లో ఇటుక అంటూ ఉన్నది ఆ చిమ్నీ ఒక్కటే, అదీ మీగడ రంగుదే. చిమ్నీ అంటే మనకి స్టవ్ మీద వేలాడే స్టీలు డబ్బా గుర్తొస్తుంది. ఇక్కడిది బేస్‌మెంట్ నుంచి కప్పు దాటి పైకి లేచే ఇటుకల గొట్టం. ఒకప్పుడు బొగ్గు పొయ్యి పొగ, ఇప్పుడు గ్యాస్ హీటర్ పొగ అందులోంచే బయటికి పోతుంది.

ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్షన్ చేసినాయన రిపోర్టులో ఒక లైను రాశాడు: 'చిమ్నీని గమనిస్తూ ఉండాలి.' అది చదివి నేననుకున్నది మీరు ఊహించే ఉంటారు. వార్నింగే కదా, ఎర్రర్ కాదుగా!

చలి కాదు, ఊగిసలాట

ఎముకలు కొరికే చలికి ఇటుకలు పగులుతాయని నేను అనుకునేవాణ్ని. నిజానికి జనవరిలో వారం రోజులపాటు మైనస్ 15లో గడ్డకట్టి ఉంటే ఇటుకకి పెద్దగా బాధ లేదు. అసలు గండం ఫిబ్రవరి చివర్లో, మార్చిలో. పగలు 4 డిగ్రీలు, రాత్రి మైనస్ 6. పగలు మంచు కరిగి నీళ్లు ఇటుకలోకి ఇంకుతాయి. రాత్రికి లోపలే గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు నీళ్లు సుమారు 9 శాతం వ్యాకోచిస్తాయి. ఫ్రీజర్లో నిండు గాజు సీసా పెట్టి మర్చిపోతే ఏమవుతుందో తెలుసుగా, ఇటుక లోపల అదే జరుగుతుంది. పొద్దున కరగడం, రాత్రి గడ్డకట్టడం. సున్నా డిగ్రీల గీత దాటిన ప్రతిసారీ ఇటుక మీద ఓ సుత్తి దెబ్బ పడినట్టే.

ఇంటి గోడకి ఒక వైపు వెచ్చగా ఉంటుంది. కప్పు పైన చిమ్నీకి ఆ అదృష్టం లేదు. నాలుగు వైపులా గాలి, పైనుంచి మంచు. అందుకే పాత ఇళ్లలో ముందుగా పోయేది అదే.

ఎండలు ముదిరాక నిచ్చెన వేసుకుని పైకెక్కా. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇటుకల మధ్య సందుల్లో వేలు పెడితే పాత మాలు ఇసకలా రాలింది. 'ఇంతే కదా, రెండు వీకెండ్ల పని' అనుకుని యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశా. హార్డ్‌వేర్ షాపులో రెండు రకాల రెడీమిక్స్ బస్తాలు ఉన్నాయి, టైప్ ఎన్, టైప్ ఎస్. ఎన్ బలం చదరపు అంగుళానికి 750 పౌండ్లు, ఎస్ బలం 1800. నేను ఇంజనీర్ని. పెద్ద నంబరే తీసుకున్నా.

సందులన్నీ గట్టిగా నింపేసి, గర్వంగా నాన్నకి వీడియో కాల్ చేశా. ఆయన కాసేపు చూసి, "సున్నం ఎంత కలిపావ్?" అన్నాడు.

"సున్నం ఎందుకు నాన్నా, ఇది స్ట్రాంగ్ మిక్స్."

"పాత ఇటుకకి గట్టి మాలు పనికిరాదురా. అది ఇటుకని తినేస్తది."

"అది గానుగ సున్నం కాలం నాన్నా. ఇది ఇంజనీరింగ్."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. "సరేలే, దిగేటప్పుడు జాగర్త" అని పెట్టేశాడు.

రాత్రి రెండింటికి అలారం

రెండో చలికాలం, ఫిబ్రవరి. రాత్రి రెండు గంటలకి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. బ్యాటరీ అయిపోయిందేమో అని బటన్ నొక్కబోయా. మా ఆవిడ ఆపింది. "నాకు సాయంత్రం నుంచి తల పగిలిపోతోంది, ముందు బయటికి పద" అంది. ఆమె అప్పుడు ఐదో నెల గర్భవతి. కోట్లు వేసుకుని మంచులోకి పరిగెత్తి 911కి ఫోన్ చేశాం.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉంటే ఆ నిద్రలోనే ప్రాణం పోవచ్చు. కడుపులో బిడ్డకి ఇంకా ప్రమాదం. ఫైర్ వాళ్లు మీటర్లతో ఇల్లంతా తిరిగి, గ్యాస్ కట్టేసి, బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ దగ్గర ఆగారు. హీటర్ పొగ చిమ్నీలోకి వెళ్లే చోట గొట్టం ఊడదీస్తే, లోపలంతా ఇటుక పెచ్చులు, మాలు పొడి. పొగ పోయే దారి మూసుకుపోయి ఇంట్లోకే తన్నుతోంది. ఆ రాత్రే మా ఆవిణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్ష చేసి, చాలాసేపు ఆక్సిజన్ పెట్టి, ఇద్దరూ క్షేమమే అన్నారు. ఆ మాట వినేదాకా నా నోట్లోంచి మాట రాలేదు.

'ఇది ఎవరు చేశారు?'

వాతావరణం వేడెక్కాక ఓ పాత మేస్త్రిని పిలిచాం. డెబ్బై దాటిన మనిషి. పైకెక్కి, జేబులోంచి తాళంచెవి తీసి ఇటుక మీద గీశాడు. పొడి రాలింది. నేను నింపిన సందు మీద గీశాడు. గీతైనా పడలేదు. కిందికి దిగి "ఇది ఎవరు చేశారు?" అన్నాడు.

"ముందున్న ఓనర్ అనుకుంటా" అన్నాను. సిగ్గుగా ఉంది, అయినా అబద్ధమే చెప్పా.

ఆయన వివరించింది ఇదీ. ఇటుకలోకి నీళ్లు ఎలాగూ వస్తాయి. అవి బయటికి పోయే దారి సందులోని మాలే. మెత్తటి సున్నం మాలు తడిని బయటికి వదిలేస్తుంది. ఎండకీ చలికీ ఇటుక సాగి, ముడుచుకుంటుంటే తనూ సర్దుకుంటుంది. దెబ్బ తగిలితే తను రాలిపోయి ఇటుకని కాపాడుతుంది. కొన్ని దశాబ్దాలకి మళ్లీ నింపుకుంటే చాలు. అదే మాలు ఇటుక కంటే గట్టిదైతే తడి లోపలే ఇరుక్కుంటుంది. అది గడ్డకట్టినప్పుడు పగిలేది ఇటుక ముఖమే. చూస్తే నిజమే. నా సందులు చెక్కుచెదరకుండా గూడులా నిలబడ్డాయి, వాటి మధ్య ఇటుకలు లోతుగా తినేసి ఉన్నాయి. నాన్న వాడిన మాట అదే, 'తినేస్తది'.

మాలు రకాలకి అమెరికాలో పెట్టిన అక్షరాల కథ కూడా ఆయనే చెప్పాడు. 'మేసన్ వర్క్' అనే రెండు మాటల ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటి వదిలి ఒకటి తీసుకుంటే ఎం, ఎస్, ఎన్, ఓ, కె. ఎం అన్నిటికంటే గట్టిది, 2500 పౌండ్లు. కె అన్నిటికంటే మెత్తన, 75. మా ఇటుకకి ఆయన ఎంచుకున్నది ఓ, 350. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు సున్నం, తొమ్మిది పాళ్లు ఇసక.

చిమ్నీ లోపలి కథ ఇంకోటి. పాత ఓనర్ కొత్త ఫర్నేస్ పెట్టించి, దాని పొగని ప్లాస్టిక్ పైపుతో గోడలోంచి బయటికి పంపాడు. చిమ్నీకి మిగిలింది చిన్న వాటర్ హీటర్ ఒక్కటే. అంత పెద్ద గొట్టాన్ని ఆ కాస్త వేడి వెచ్చబెట్టలేదు. పొగలోని ఆవిరి చల్లటి ఇటుకకి తగిలి నీరవుతుంది. ఆ నీరు కాస్త ఆమ్లం కూడా. అంటే మా చిమ్నీ బయట మంచుతో, లోపల సొంత చెమటతో తడిసింది. ఒక మాడ్యూల్ అప్‌డేట్ చేసి, దాని మీద ఆధారపడ్డదాన్ని గాలికొదిలేస్తే ప్రొడక్షన్‌లో ఏమవుతుందో మా ఫ్రెండ్స్‌కి చెప్పక్కర్లేదు.

మే చివర్లో పని మొదలైంది. రాత్రుళ్లు 4, 5 డిగ్రీల కంటే పడిపోయే రోజుల్లో ఈ పని చేయకూడదట, మాలు సరిగ్గా గట్టిపడకముందే గడ్డకడుతుంది. నా సిమెంటుని ఉలితో నెమ్మదిగా చెక్కి తీశారు. మిషన్ పెడితే ఇటుక అంచులు పోతాయని పెద్దాయన ఒప్పుకోలేదు. కూల్చిన పాత భవనాల నుంచి దాచిన మీగడ రంగు ఇటుకలు తెచ్చి, పాడైనవాటి చోట పెట్టారు. సందుల్ని పొరలు పొరలుగా నింపి, తడి గోనెపట్టాలు కప్పారు. పైన కొత్త కాంక్రీటు మూత వేశారు. చిమ్నీ కంటే రెండంగుళాలు బయటికి వచ్చి, కింద గాడి ఉంటుంది. నీళ్లు గోడ మీద జారకుండా అక్కడే చుక్కలుగా రాలతాయి. లోపల హీటర్‌కి సరిపడే స్టీలు గొట్టం దించారు. బిల్లు మాత్రం రెండు నెలల హౌస్ లోన్ ఈఎంఐ కంటే ఎక్కువే.

ఆఖరి రోజు పెద్దాయనతో నిజం చెప్పేశా. నవ్వి, "తెలుసు. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు పైకి చూశావ్" అన్నాడు.

మీ ఇంటికీ చిమ్నీ ఉంటే

షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, టొరంటో వైపు పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లకి ఓ మాట. కప్పు ఎక్కక్కర్లేదు. వీధిలో నిలబడి ఫోన్ కెమెరా జూమ్ చేయండి. ఇటుకల మీద తెల్లటి ఉప్పు పూత ఉంటే లోపల తడి తిరుగుతోందని అర్థం. నేల మీద ఇటుక పెచ్చులు కనిపిస్తే ఆలస్యమైనట్టే. పైమూత పగిలిందా, చిమ్నీ కప్పుతో కలిసే చోట రేకు లేచిందా చూడండి. చిమ్నీకి పెయింటు వేయకండి, ఇటుకకి ఊపిరాడదు. ఏడాదికోసారి తెలిసినవాళ్లతో లోపల చూపించండి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. మోగితే బటన్ నొక్కి పడుకోవద్దు. ముందు బయటికి పరిగెత్తండి.

పని పూర్తయిన రాత్రి నాన్నకి ఫోన్ చేశా. అలారం సంగతి అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. అంతా చెప్పి, "నువ్వు చెప్పిందే నిజం నాన్నా. ఆ రోజు అలా అనాల్సింది కాదు" అన్నా.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మంచు సంగతి నాకేం తెలుసురా, నేనెప్పుడు చూశాను. నీళ్ల సంగతి తెలుసు. నీళ్లకి దారి ఇవ్వాలి, అంతే" అన్నాడు. ఆ వెంటనే, "అమ్మాయి ఎట్లా ఉంది? అన్నం తింటుందా?" అన్నాడు.

మాకిప్పుడు నాలుగు నెలల పాప. మొన్న అక్టోబరులో, చలి ముదరకముందు, పాపని ఎత్తుకున్న మా ఆవిణ్ని ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టా. మళ్లీ హార్టులు, దండాలు, 'క్యూట్'లు. ఐదు నిమిషాలకి నాన్న వాయిస్ మెసేజ్ వచ్చింది.

"పిల్ల మీ అమ్మ పోలిక. ఒరేయ్, ఆ పైమూత కింద ఎడం వైపు కాస్త నల్లగా ఉంది. నీడా, తడా?"

ఈసారి థంబ్సప్ కొట్టలేదు. నిచ్చెన తీశా. నీడే.