ఒకే పోలిక

పట్టుచీర అంచు చూసి ధర చెప్పగలను గానీ, గిటారు చూసి ఏం చెప్పగలనండీ? మా అమ్మాయికి ఎలక్ట్రిక్ గిటారు కావాలట, అదీ ఫెండర్ వారి స్ట్రాటోకాస్టరేనట. 1954లో వచ్చిన వాయిద్యం. చేసిన లియో ఫెండర్‌గారికి గిటారు వాయించడమే రాదట! వంట రానాయన కట్టించిన వంటిల్లన్నమాట.

అదే కంపెనీ 1982 నుంచి స్క్వయర్ పేరుతో చవకవీ అమ్ముతోంది. కొట్లో రెండూ పక్కపక్కన పెట్టించాను. అదే ఒంపు, మూడేసి పికప్పులు, ఆరేసి తీగలు. మీటే తీగ పొడవూ రెంటికీ 25.5 అంగుళాలే. అమెరికాలో చేసినదాని ధరకి మాత్రం చవకవి నాలుగైదు వస్తాయి.

తేడా కంటికి కాదు, చేతికి తెలిసింది. ఖరీదుదాని మెడ అంచులు వాడి వాడి అరిగిన రోకలంత నున్నగా ఉన్నాయి. పికప్పుల్లో అయస్కాంతాలూ వేరు: అందులో ఆల్నికో, ఈ చవక రకంలో సిరామిక్. ఆ ధరకి అంత చేతిపని అడగడం న్యాయమూ కాదు లెండి. పైగా ఆంప్లిఫయరు వేరే కొనాలి, అది లేకపోతే దీనికి గొంతే లేదు. మాస్టారి ఫీజు సరేసరి.

నా దిగులల్లా బిరడాల మీదే. చిన్నప్పుడు నాకు కొన్న వీణకి బిరడాలు నిలిచేవి కావు. నాకే శ్రుతిజ్ఞానం లేదని ఇంట్లో తేల్చేశారు. వీణ అటకెక్కింది.

అందుకే చవకదాన్ని శ్రుతి చేయించి, తీగల ఎత్తు సరిచేయించి, అరగంట వాయించమన్నాను. కొట్టతను విసుక్కున్నాడు. విసుక్కోనీ! మళ్ళీ శ్రుతి చూడమన్నాను.

నిలిచింది. అప్పుడు తీశాను పర్సు.