చేతికి రెండు గంటలు

తెలుగులో ‘గంట’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మోగేది, మరొకటి గడిచేది. పదవీ విరమణ చేసినవారికి రెండవ రకం గంటలకు కొదవ ఉండదు. ఉదయపు నడక, దినపత్రిక, రక్తపోటు మాత్ర, మధ్యాహ్న భోజనం అన్నీ ముగించుకొని గడియారం వంక చూస్తే ఇంకా ఒంటిగంటే అయి ఉంటుంది. మోగే గంటలు ఈ గడవని గంటలకు ఏ విధంగా మందు కాగలవో నేను కళ్ళారా చూశాను. ఆ సంగతి పాఠకులతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆ గంటల గురించి కొంత చెప్పాలి. మన పూజామందిరాలలోని చేగంట అందరికీ తెలిసినదే. దాని నాలుక ఎటు కదిపితే అటు ఊగుతుంది, ఊపినంతసేపూ మోగుతుంది. ఇంగ్లీషు హ్యాండ్‌బెల్ అటువంటిది కాదు. దాని నాలుక ముందుకు, వెనుకకు మాత్రమే కదులుతుంది. చిన్న స్ప్రింగు దానిని అదుపులో ఉంచుతుంది. అందువలన చేతిని ఒకసారి విసిరితే గంట ఒకసారే మోగుతుంది. సుమారు 80 శాతం రాగి, 20 శాతం తగరం కలిసిన కంచుతో చేసిన ఈ గంటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరానికి శ్రుతి చేయబడి ఉంటుంది. మూడు సప్తకాల సంగీతానికి 37 గంటలు కావాలి. వాటిని సాధారణంగా 11 మంది పంచుకుంటారు. ఒక హార్మోనియం మెట్లన్నీ విడదీసి, మనిషికి రెండు తెల్లమెట్లు, వాటి పక్కనున్న నల్లమెట్లు చొప్పున పంచిపెట్టినట్లు ఊహించుకోండి. పాట మొత్తం ఎవరి చేతిలోనూ ఉండదు. ప్రతివారి చేతిలోనూ కొంత ఉంటుంది.

ఈ విద్య ఇంగ్లండులో చర్చి గోపురాల నుండి దిగివచ్చినది. అక్కడ గోపురపు గంటలను నిర్ణీతమైన వరుసలు మార్చుకుంటూ మోగించే సంప్రదాయం ఉన్నది. ఏడు గంటలను 5,040 వరుసలలో మోగించవచ్చును. అన్నిటినీ పూర్తిచేయడానికి సుమారు మూడు గంటల కాలం పడుతుంది. చలికాలంలో గోపురమెక్కి అంతసేపు సాధన చేయడం కష్టం కనుక, వెచ్చని గదిలో కూర్చొని చిన్న గంటలతో అభ్యసించేవారు. 1902లో మార్గరెట్ షర్‌క్లిఫ్ అనే బోస్టన్ మహిళ లండనులో గంటలు మోగించి, బహుమతిగా లభించిన చేగంటలను స్వదేశానికి తీసుకొని వెళ్ళారు. ఆమె నాయకత్వాన 1954లో అమెరికాలో చేగంటల వారి సంఘం ఏర్పడినది. నేడు అమెరికాలో పేరుపొందిన తయారీదారులు షుల్మెరిక్, మాల్మార్క్ సంస్థలు రెండూ పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందినవే.

మా అమ్మాయి కుటుంబం కూడా ఆ రాష్ట్రంలోనే ఉంటుంది. నా శ్రీమతి స్వర్గస్థురాలైన పది నెలలకు అమ్మాయి నన్ను ఆరు నెలల పాటు తనతో ఉండమని తీసుకొని వెళ్ళినది. పిల్లలు నన్ను ఎంతో ఆదరంగా చూసుకున్నారు. కాని ఉదయం ఎనిమిది గంటలకు అందరూ వెళ్ళిపోయాక, నేను చేయకపోతే ఆగిపోయే పని ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల వరుస తరగక భోజనవేళ తప్పినవాడికి, ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో పదవీ విరమణ చేసిన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. నాకు ఆకలి తగ్గినది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. ఈ లక్షణాలు మరొకరు చెప్పి ఉంటే ఏమి రాయాలో నాకు తెలుసు.

పక్కింటి ఆవిడ పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని. ఒక శనివారం వారి ఊరి సామాజిక భవనంలో చేగంటలు మోగించేవారి కలయిక ఉన్నదని, కొత్తవారు, పాతవారు, అసలేమీ రానివారు కూడా రావచ్చునని చెప్పి, చూడడానికి రమ్మన్నది. అమ్మాయి, “వెళ్ళు నాన్నా, ఇంట్లో మాత్రం ఏం చేస్తావు?” అన్నది. నేను చూడడానికే వెళ్ళాను.

అక్కడ సుమారు నలభై మంది ఉన్నారు. పదేళ్ళ పిల్లవాడు మొదలు ఎనభై దాటిన వృద్ధుల వరకు అన్ని వయసులవారూ కనిపించారు. పొడవైన బల్లల మీద మందపాటి ఫోమ్ పరిచి, దాని మీద గంటలను పెద్దవాటి నుండి చిన్నవాటి వరకు వరుసగా పడుకోబెట్టారు. చేతి చెమట కంచుకు తగిలితే మరకలు పడతాయి కనుక అందరూ చేతితొడుగులు వేసుకున్నారు. కొత్తవారందరినీ ఒక మూల చేర్చకుండా, ఇద్దరు అనుభవజ్ఞుల మధ్య ఒక కొత్తవారిని నిలబెట్టారు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చినది.

ఆ రోజు ఒకావిడ మనుమడికి జ్వరం వచ్చి రాలేకపోయింది. ఆమె మోగించవలసిన రెండు గంటలు బల్ల మీద ఊరకే ఉన్నాయి. వాటిని విడిచి పాటను ఒకసారి మోగించి చూశారు. పాట నడుస్తూ నడుస్తూ మెట్టు విరిగినచోట కాలు జారినట్లు ఆగేది. సంగీతం తెలియని నాకు కూడా ఆ ఖాళీలు వినిపించాయి. సంచాలకుడు నా వైపు తిరిగి, “మీరు నేర్చుకుంటారా?” అని అడగలేదు. “ఈ రెండు స్వరాలు లేకపోతే మాకు పాట లేదు. కొంచెం వచ్చి నిలబడతారా, డాక్టర్?” అని అడిగాడు.

పాఠకులారా, నన్ను ఎవరైనా ఒక పనికి పిలిచి అప్పటికి చాలాకాలమైనది.

పక్కింటి ఆవిడ నా కాగితంలో ఎడమచేతి స్వరాలకు ఎర్ర పెన్సిలు, కుడిచేతి స్వరాలకు నీలం పెన్సిలు చుట్టి ఇచ్చినది. నాలుగు లెక్కపెట్టడమే నా పని. చిన్నప్పుడు తొడ మీద ఆదితాళం వేసినవారికి అది కష్టం కాదు. గంటను భుజం దగ్గర నిలిపి, ముందుకు గుండ్రంగా విసిరి, నాదం చాలనుకొన్నప్పుడు భుజానికి ఆనించాలి. మోగించడం సగం విద్య, ఆపడం మిగతా సగం. వారి వద్ద ఒక నియమం ఉన్నది: ఒక స్వరం తప్పిపోతే దానిని ఆలస్యంగా మోగించకూడదు. వదిలివేసి తరువాతి స్వరానికి సిద్ధపడాలి. గడిచిన దాని గురించి తెల్లవారుజామున మూడింటికి ఆలోచించే వయసువారికి ఇది మంచి నియమం.

నా ఎడమ పక్కన నిలబడిన పెద్దమనిషికి పార్కిన్‌సన్ వ్యాధి ఉన్నదని అతని నడక చూడగానే గ్రహించాను. విశ్రాంతిగా ఉన్నప్పుడు అతని కుడిచేయి వణికేది. గంట పట్టుకొని ఎత్తిన క్షణంలో ఆ వణుకు తగ్గిపోయేది. ఇందులో అద్భుతమేమీ లేదు. ఆ వ్యాధిలోని వణుకు సాధారణంగా విశ్రాంతిలో ఎక్కువగా ఉండి, ఉద్దేశపూర్వకమైన కదలికలో తగ్గుతుంది. కాని పాఠ్యపుస్తకంలోని ఆ వాక్యం పక్కనే నిలబడి స్వరమై మోగుతుంటే వినడం వేరు. భార్యను కోల్పోయి ఆరేళ్ళైనదని, ప్రతి మంగళవారం సాధనకు వస్తానని, “నేను రాకపోతే వాళ్ళు ఫోన్ చేస్తారు” అని అతను చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో కొంత గర్వం కనిపించినది.

ఇప్పుడు వైద్యుడిగా రెండు మాటలు. గంటలు మోగిస్తే మతిమరుపు రాదని నేను చెప్పబోవడం లేదు. అయితే ఒంటరితనం ఆరోగ్యానికి చేటు అన్నది నేడు వైద్యశాస్త్రం గట్టిగా చెబుతున్న విషయం. 2023లో అమెరికా సర్జన్ జనరల్ డాక్టర్ వివేక్ మూర్తి దీనిపై ప్రత్యేక సూచనపత్రం వెలువరిస్తూ, తోటివారితో సంబంధాలు లేకపోవడం వలన మరణాలపై కలిగే ప్రభావాన్ని రోజుకు 15 సిగరెట్ల వరకు కాల్చడంతో పోల్చారు. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక సంబంధాలపై ఒక సంఘాన్ని నియమించినది. మతిమరుపు వ్యాధులకు దారితీసే, మనం సవరించుకోగల కారణాలలో సామాజిక ఏకాంతాన్ని, వినికిడి లోపాన్ని లాన్సెట్ నిపుణుల సంఘం చేర్చినది.

గంటలు పట్టుకొనేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పెద్ద గంటలు కొన్ని కిలోల బరువుంటాయి. మణికట్టులో నాడి నొక్కుకొని వేళ్ళు తిమ్మిరెక్కేవారు, భుజం పట్టేసినవారు చిన్న గంటలనే ఎంచుకోవాలి. మధుమేహం ఉన్నవారిలో భుజం పట్టేయడం ఎక్కువ కనుక వారు నొప్పిని భరిస్తూ మోగించకూడదు. చాలాసేపు నిలబడితే కళ్ళు తిరిగేవారు కుర్చీలో కూర్చొని మోగించవచ్చును. వయసుతో వచ్చే చెవుడులో మొదట సన్నని ధ్వనులే వినపడకుండా పోతాయి. అటువంటివారికి చిట్టి గంటలకంటే మధ్యస్థపు గంటలు అనువుగా ఉంటాయి. చిన్న గంటలు వినిపించడం లేదని తోచినవారు చెవుల పరీక్ష చేయించుకోవాలి.

మన ఊళ్ళలో ఈ గంటలు లేవని మీరనవచ్చు. వీటి కోసం వెదకనక్కరలేదు. కోలాటంలో ఎదుటి కోలకు మీ కోల అందకపోతే ఆట చెదురుతుంది. చెక్కభజనలో ఒక అడుగు తప్పితే వరుస తెలిసిపోతుంది. కావలసినది అటువంటి అవసరం. టీవీలో ప్రవచనం వినడం మంచిదే. కాని మీరు మధ్యలో లేచి వెళ్ళిపోయినా ప్రవచనం ఆగదు. మీరు లేకపోతే ఆగిపోయేది, లేదా కనీసం కుంటుపడేది, వారానికి ఒక్కటైనా ఉండాలి. భజన బృందమైనా సరే, గ్రంథాలయంలో పిల్లలకు లెక్కలు చెప్పడమైనా సరే.

అమెరికాకు పిల్లల వద్దకు వెళ్ళే తల్లిదండ్రులు అక్కడి సామాజిక భవనాల ప్రకటనలను ఒకసారి చూడండి. భాష అంతగా రాదని వెనుకాడవద్దు. నాలుగు వరకు లెక్కపెట్టడం ఏ భాషలోనైనా ఒకటే. తల్లిదండ్రులను దగ్గర ఉంచుకొన్న పిల్లలకు ఒక మనవి. “మీరు కూర్చోండి, మేము చూసుకుంటాము” అన్నది ప్రేమతో అనే మాటే. కాని దానిని రోజూ విన్నవారికి తాము అక్కరలేదన్న అర్థం మెల్లమెల్లగా ఎక్కుతుంది. వారికి మాత్రలు ఇచ్చేటప్పుడు ఒక పనిని కూడా ఇవ్వండి. అది వారిదే అయి ఉండాలి. వారు చేయని రోజున ఎవరో ఒకరు వచ్చి, “ఈ రోజు రాలేదేమిటండీ?” అని అడగాలి.