శ్యేనదర్శనం

బృహదారణ్యకోపనిషత్తు నాల్గవ అధ్యాయంలోని మూడవ బ్రాహ్మణాన్ని మొదట కళాశాలలోను, ఉద్యోగ విరమణానంతరం మా ఇంటి వసారాలోను, మొత్తం మీద ముప్పై సంవత్సరాలకు పైగా పాఠం చెప్పాను. యాజ్ఞవల్క్య మహర్షి జనకునికి సుషుప్తిని నిరూపించే ఘట్టంలో ఒక పక్షి వస్తుంది. ఆకాశమంతా సంచరించి, అలసి, గూటికి మరలే శ్యేనం. జాగ్రత్స్వప్నాలలో తిరిగి తిరిగి శ్రాంతుడైన జీవుడు ఏ కామమూ ఏ స్వప్నమూ లేని స్థానానికి పరుగుతీయడానికి అది దృష్టాంతం. ఆ చోటికి వచ్చినప్పుడు నేను రెండు చేతులూ ఎత్తి, మెల్లగా వక్షానికి ముడుచుకొని చూపేవాడిని. విద్యార్థులకు ఆ అభినయం ఇష్టంగా ఉండేది. దార్ష్టాంతికం నాకెంత తెలుసో చెప్పలేను గాని, దృష్టాంతాన్ని మాత్రం నేనెన్నడూ చూడలేదు. డేగకూ గద్దకూ భేదమేమిటని ఎవరైనా అడిగితే తడబడేవాడినే.

అరవై ఎనిమిదవ ఏట, అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, మార్చి నెల చలిలో వణుకుతూ మొదటిసారి శ్యేనాన్ని చూశాను. చూపినది మా కోడలు.

అక్కడి విశ్వవిద్యాలయంలో ‘కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్’ అనే 42 అంతస్తుల రాతి సౌధం ఉంది. 1926లో నిర్మాణం ఆరంభమై 1937లో ప్రతిష్ఠితమైనది. విద్యకు కట్టిన దేవాలయమని పేరుకు అర్థం. దాని శిఖరానికి కొంచెం దిగువన, కిటికీ వెలుపలి చూరు మీద, గులకరాళ్లు పోసిన ఒక చెక్కపెట్టె. 2002 నుంచి పెరెగ్రిన్ ఫాల్కన్ జంటలు అందులో గుడ్లు పెడుతున్నాయి. మన బైరి డేగ ఇదే జాతి. పెరెగ్రిన్ అనే మాటకు లాటిన్ మూలంలో దేశాంతర సంచారి అని అర్థం. పరివ్రాజకమన్న మాట! ఈ పరివ్రాజకం పుల్ల పేర్చి గూడు కట్టదు. కొండ చరియ మీదనైనా, భవనం అంచు మీదనైనా, గులకలో వక్షం ఆన్చి కాళ్లతో వెనుకకు గీరి, అరచేయంత పల్లం చేస్తుంది. అంతే దాని గృహస్థాశ్రమం. గీతలోని ‘అనికేత’ శబ్దం తక్షణమే స్ఫురించింది. స్ఫురించిన ప్రతి శబ్దాన్నీ పైకి అనకుండా ఉండడం ఆ పాటికి కొంత నేర్చుకొని ఉన్నాను. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో చెప్పాలి.

అంతకు ముందు సంవత్సరం ఏప్రిల్‌లో మా కోడలికి ఏడవ మాసంలో గర్భనష్టం జరిగింది. శిశువు గర్భంలోనే గతించింది. అబ్బాయి అర్ధరాత్రి ఫోను చేశాడు. వీసా లేక నేను వెళ్లలేకపోయాను. మూడవ నాడు కోడలితో మాట్లాడవలసి వచ్చినప్పుడు నాకు చేతనైనదే చేశాను, అనగా పాఠం చెప్పాను. ఇది ప్రారబ్ధమమ్మా అన్నాను. ఆ జీవునికి ఆ దేహంతో ఉన్న ఋణం అంతవరకే అన్నాను. ఆత్మకు జననమూ లేదు, మరణమూ లేదు అన్నాను. శాస్త్రానికి విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు. ఆమె అంతా విని, “సరే మామయ్యగారూ” అని ఫోను అబ్బాయికి ఇచ్చింది. ఆ తరువాత పదకొండు నెలల పాటు నాతో ఆమె పలికినవి భోజనమైందా, మందులు వేసుకున్నారా అన్న రెండు ప్రశ్నలే. గౌరవానికి లోపం లేదు. ఆ గౌరవమే నన్ను కాల్చింది.

నేను వెళ్లేనాటికి ఆమె ఒక అలవాటు చేసుకొంది. నేషనల్ ఏవియరీ అనే పక్షిశాల వారు ఆ పెట్టె ఎదుట కెమెరా అమర్చి, గూటిని రేయింబవళ్లు చూపుతారు. ఆమె ఫోనులో ఎప్పుడూ అదే ఉండేది. వంటగదిలో పోపు మాడుతున్నా దృష్టి దాని మీదనే. 1976లో వెలసిన పెన్ హిల్స్ శ్రీ వేంకటేశ్వరాలయానికి ఆదివారాలు వెళ్లేవాళ్లం. ఆమె కారు దిగేది కాదు. అబ్బాయీ నేనూ దర్శనం చేసుకొని తీర్థం తెచ్చే లోపల, వాహనంలో కూర్చొని డేగను చూస్తూ ఉండేది. ఇది ఏ రకమైన ఉపాసన అని నాలో నేను విసుక్కున్న మాట నిజం.

ఒకనాడు నా ప్రక్కన ఫోను ఉంచి, “చూడండి, కాళ్లు చూడండి” అంది. ఆడ డేగ గుడ్ల దగ్గరకు నడుస్తోంది. మగదాని కంటె మూడవ వంతు పెద్ద శరీరం. కన్నుల క్రింద నల్లని చారలు. ఆకాశంలో గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో దూకి, ఎగిరే పక్షిని ఒక్క తాపుతో నేల కూల్చే గోళ్లు. ఆ గోళ్లను, గుడ్లు సమీపించేసరికి, మనం పిడికిలి బిగించినట్లు లోపలికి ముడుచుకొని, కుంటుతున్నట్లు అడుగులు వేస్తోంది. గుడ్డుకు గోరు తగలరాదు. నేను చాలాసేపు ఏమీ అనలేదు.

అప్పటి నుంచి ఇద్దరం కలిసి చూడడం మొదలైంది. నాలుగు గుడ్లు. కాపీపొడి కలిపినట్లున్న ఎర్రమట్టి రంగు. ఒక్కొక్కటి పొదగడానికి 33 నుంచి 35 దినాలు. మగది వేటాడి ఆహారం తెచ్చి, పగలు కొంతసేపు తానే గుడ్లపై కూర్చుంటుంది. తెచ్చే ఆహారంలో అధికభాగం పావురాలు. రాజమహేంద్రవరంలో ప్రతి ఉదయం మేడ మీద పావురాలకు జొన్నలు చల్లడం నాకు సంధ్యావందనమంత నియమం. రక్తసిక్తమైన ఆ కపోతదేహాన్ని మొదటిసారి చూసి ముఖం త్రిప్పుకొన్నాను. కోడలు త్రిప్పుకోలేదు.

ఆ రాత్రి అరణ్యపర్వంలోని శ్యేనకపోతోపాఖ్యానం మనసులో తిరిగింది. ఇంద్రుడు డేగయై, అగ్ని పావురమై ఉశీనర మహారాజును పరీక్షించిన కథ. జనబాహుళ్యంలో శిబి కథగా ప్రసిద్ధం. మనమందరం రాజు త్యాగాన్ని స్మరిస్తాం. తొడ కోసి తక్కెడలో వేయడం దగ్గర కంఠం గద్గదం చేసుకుంటాం. డేగ వాదన మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆహారం లేక నేను మరణిస్తే నా భార్యాపుత్రులు నశిస్తారు, ఒక ప్రాణిని కాపాడడానికి ఇన్ని ప్రాణాలను విడుస్తున్నావు, ధర్మాన్ని బాధించే ధర్మం ధర్మమెలా అవుతుందని అది రాజును నిలదీస్తుంది. ఈ వాదనను పూర్వపక్షంగా రెండు వాక్యాలలో ముగించి సిద్ధాంతానికి పోయే అలవాటు నాది. గులకరాళ్ల మీద పిడికిలి కాళ్లతో నిలబడిన ఆ తల్లిని చూశాక, పూర్వపక్షానికి మరికొంత సమయం ఇవ్వవలసిందనిపించింది.

ఏప్రిల్ మొదటి వారంలో, ఒక సాయంకాలం ఆమె నాకు ఈ పక్షుల గత చరిత్ర చెప్పింది. నేను పాఠం చెప్పడం ఆపిన తరువాత విన్న మొదటి పాఠం అదే కావచ్చు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పొలాల మీద డీడీటీ విస్తారంగా చల్లారు. అది పురుగులలోకి, పురుగులను తిన్న చిన్న పక్షులలోకి, వాటిని తిన్న డేగలలోకి చేరి, వాటి దేహంలో పేరుకొంది. దాని వలన గుడ్డు పెంకుకు కావలసిన సున్నం చాలినంత చేరలేదు. పెంకు పలుచబడింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. 1960ల మధ్యకు మిసిసిపీ నదికి తూర్పున ఈ జాతి గూడు ఒక్కటీ మిగలలేదు. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త పాత సేకరణలలోని గుడ్లనూ కొత్త గుడ్లనూ పోల్చి, పెంకు పలుచబడిన సంగతిని 1967లో ప్రకటించాడు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో టామ్ కేడ్ బృందం డేగలను పెంచి, పిల్లలను కొండల మీదా ఎత్తైన భవనాల మీదా విడిచిపెట్టింది. 1999లో ఈ పక్షిని అంతరించే జీవుల జాబితా నుంచి తొలగించారు. ఆ సంవత్సరమే మిల్వాకీ నగరంలో పుట్టిన డొరొతీ అనే డేగ ఈ సౌధానికి వచ్చి, పదమూడేళ్లకు పైగా ఏలి, 40కి పైగా పిల్లలను ఎగురవేసింది.

ఇంతవరకు చెప్పి, ఆమె ఆగింది. “ఆ గుడ్లు చితికిన తల్లులది కూడా ప్రారబ్ధమేనా, మామయ్యగారూ?” అని అడిగింది. గొంతులో కోపం లేదు.

సమాధానాలు నాకు లేకపోలేదు. సంచితం, ఆగామి, సమష్టి కర్మ, నిమిత్తకారణం, ఉపాదానకారణం అన్నీ పెదవి దాకా వచ్చాయి.

“ప్రారబ్ధమని ఊరుకుంటే పెంకు మందం ఎవరు కొలిచేవారు?” అంది మళ్లీ. కొంతసేపటికి, “డాక్టర్లు కారణం తెలియదన్నారు. పరీక్షలన్నీ చేసి తెలియదన్నారు. మీరొక్కరే తెలుసన్నారు” అంది.

నేను లేచి వెళ్లి మంచినీళ్లు త్రాగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ మూడవ వారంలో గుడ్లు పగిలాయి. రెండు దినాలలో మూడు పిల్లలు. దూదిపింజల వంటి తెల్లని నూగు, తల నిలుపుకోలేని మెడలు. తల్లి మాంసాన్ని గింజంత ముక్కలుగా చీల్చి, తల ప్రక్కకు వంచి, ఒక్కొక్క నోటికి అందించే తీరు చూస్తే, అది హంతకి అన్న మాట మరపునకు వచ్చేది. నాల్గవ గుడ్డు పగలలేదు. తల్లి ముక్కుతో దాన్ని దొర్లిస్తూనే ఉంది. పిల్లలు దాని మీద తల ఆన్చి నిద్రించేవి. ఆమె అది చూస్తున్నప్పుడు నేను ప్రక్కన కూర్చునేవాడిని. అంతకు మించి ఏమీ చేయలేదు.

కెమెరా ముందు కూర్చునేవారు అనేకులు. అందరికీ వ్యాఖ్యానం కావాలి. డొరొతీ తరువాత ఈ గూటికి వచ్చిన హోప్ అనే డేగ తన పిల్లలలో కొన్నింటిని పగిలిన గుడ్డులోంచి వస్తుండగానే చంపి తిన్నది. పేరు ఆశ, చేసినది అది. దానికి జనం చెప్పిన కారణాలను కోడలు నాకు వినిపించింది. అనుభవరాహిత్యమని కొందరు, మాతృత్వ లోపమని కొందరు. ఆ పక్షికి ఇవేవీ తెలియవు. నాకు నా గొంతు వినిపించింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె నన్ను ఆ సౌధంలోనికి తీసుకొని వెళ్లింది. అందులో వివిధ దేశాల పేర నిర్మించిన తరగతి గదులున్నాయి. 2000లో ప్రారంభమైన భారతీయ కక్ష్య నలందా మహావిహారపు ప్రాంగణాన్ని అనుసరించి ఎర్ర ఇటుకలతో కట్టినది. ఎవరూ లేరు. ఒక బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నలభై అంతస్తుల పైన ఆ మూడు పిల్లలు. నేను, “అమ్మా, ఆ రోజు నేను ఆ మాటలు అనకుండా ఉండవలసింది. తప్పు నాది” అన్నాను. పెద్దవాడు చిన్నవారితో ఇట్లా అనడం మా ఇంట అలవాటు లేదు, మాట తడబడింది.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. తరువాత, “మీరు చెప్పింది తప్పని కాదు మామయ్యగారూ. ఆ రోజు చెప్పారు, అదీ” అంది. ఇంకొంతసేపటికి బిడ్డకు అనుకున్న పేరు చెప్పింది. పదమూడు నెలలలో నేను ఆ సంగతి అడగనైనా అడగలేదు. ఆ పేరు ఇక్కడ వ్రాయను.

జూన్ ఆరంభంలో పిల్లలు ఎగిరే కాలం. పుట్టిన నలభై దినాలకు అటూ ఇటూగా చూరు వదలుతాయి. ఎదుటనున్న షెన్లీ ప్లాజా పచ్చిక మీద జనం దుర్భిణులతో కూడతారు. గోధుమరంగు ఈకలతో ఒక పిల్ల అంచు దాకా వచ్చి, రెక్కలల్లార్చి, వెనుకకు పోయి, మళ్లీ వచ్చి, మొత్తం గంటన్నర మమ్మల్ని నిలబెట్టింది. మెడలు నొప్పి పుట్టి మేము క్రిందకు చూసిన క్షణంలోనే ఎగిరిపోయిందట! ఇట్టివాటిలో సగానికి పైగా మొదటి సంవత్సరం దాటవని ప్రక్కనున్న ఒక వృద్ధురాలు చెప్పింది. కోడలు తల ఊపింది. ఆ సంగతి తనకు ముందే తెలుసు.

ప్రొద్దు వాలే వేళకు తల్లి డేగ తిరిగి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో గాని, రెక్కలు ఆడించడం లేదు. రెండు రెక్కలూ చాచి, స్థిరంగా ఉంచి, గాలి మీద జారుతూ నేరుగా చూరు వైపు సాగింది. ఆ క్షణాన నాకు ఒళ్లు జలదరించింది. ఉపనిషత్తులోని ఆ పదానికి భాష్యకారులు రెక్కలను చాచడమనే అర్థం గ్రహించారు. అది చదివి కూడా, లోకంలో ముడవడం సులభంగా బోధపడుతుందని, ఇన్ని సంవత్సరాలు చేతులు ముడిచి అభినయించాను. అలసిన పక్షి రెక్కలు ముడిస్తే గూటికి చేరదు, పడిపోతుంది. చాచి, ప్రయత్నం మాని, గాలికి అప్పగించుకొంటేనే చేరుతుంది.

“ఏమైంది మామయ్యగారూ?” అంది కోడలు. పాఠం చెప్పాలా వద్దా అని సందేహించాను. “చెప్పండి, ఫరవాలేదు” అంది. పచ్చిక మీద, జనం మధ్యన, రెండు చేతులూ చాచి చూపాను. దుర్భిణి పట్టుకొన్న వృద్ధురాలు మమ్మల్ని వింతగా చూసింది. మా కోడలు నవ్వింది.

మరుసటి ఆదివారం ఆమె గుడి వాకిట కారులోనే కూర్చుంది. నేనూ అబ్బాయితో తీర్థం పంపమని చెప్పి, వెనుక సీటులో కూర్చున్నాను. ఫోనులో ఖాళీ పెట్టె, గులకరాళ్లు, ఒక మూలన పగలని గుడ్డు.